తొడుగులోని చెయ్యి

ఆ చేతితొడుగు లోపల ఉన్నది ఎవరి చెయ్యి? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న దగ్గర నేను ఆగిపోతూనే ఉంటాను. హత్సుయో అక్కకు సమాధానం దొరికిందో లేదో కూడా నాకు తెలియదు.

యుద్ధకాలంలో మేము టోక్యోలో, సుకిజి కాలువ పక్కన, వార్తల ఫిల్ములు తయారుచేసే చోట నెగటివ్ కత్తిరించే గదిలో పనిచేసేవాళ్లం. మగవాళ్లంతా యుద్ధానికి పోగా అక్కడ మిగిలింది ఆడవాళ్లమూ, ముసలి ఒబాతా గారూ. ఆయన మా పెద్ద. అందరం తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, కింద దీపం వెలిగే గాజుబల్లల ముందు తలవంచుకుని కూర్చునేవాళ్లం. హత్సుయో అక్కది కిటికీ పక్క బల్ల, నాది ఆమె పక్కది. నాకు కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆమే. తన బార్లీ అన్నంలో ఊరవేసిన రేగుపండు కనిపిస్తే మాట్లాడకుండా నా డబ్బాలో పెట్టేది. నవ్వడం మాత్రం తక్కువ.

ఆమె నవ్వేది యసుజో గారు వచ్చినప్పుడే. ఆయన కెమెరామన్. చెక్కచెప్పులు చేసే తండ్రి దుకాణంలో, చిన్నతనంలో, ఎడమ చిటికెన వేలి పై కణుపు రంపం కింద పోయింది. యుద్ధరంగంలో కెమెరా పట్టే మనిషికి, రీలు నంబరు రాసిన పలక పట్టుకునే సహాయకుడు ఉండడు. అందుకని ప్రతి రీలు మొదట్లోనూ తన ఎడమ చేతినే కెమెరా ముందు పెట్టి, అది ఎన్నో రీలో వేళ్లతో చూపించేవాడు. చెయ్యి కనిపించే ఆ కాస్త ఫిల్మునూ మేము ‘తల’ అనేవాళ్లం. కత్తిరించి తుక్కు డబ్బాలో వేసేవాళ్లం. ఫిల్ముకు కరువు కాబట్టి ఆ తుక్కు కూడా తిరిగి కర్మాగారానికి పోయేది. ముక్క దాచుకున్నా నేరమే.

“అయిదో రీలని వేళ్లు చూపిస్తావు. నాకేమో నాలుగున్నరే కనిపిస్తుంది. ఏమని రాసుకోను?” అని ఒకసారి హత్సుయో అక్క ఆయన్ను దెప్పింది.

“నాలుగున్నరనే రాసుకో. మిగతా అర తెచ్చి నీ చేతిలో పెడతాలే,” అన్నాడాయన.

గదిలో అందరూ నవ్వారు. అక్క మాత్రం బల్లమీదికి వంగి దీపం సరిచేసుకుంది. ఆమె చెవులు ఎర్రబడటం పక్కనున్న నాకు కనిపించింది. ఆయన దక్షిణ సముద్రాల యుద్ధరంగానికి వెళ్లి తిరిగి రాగానే పెళ్లి నమోదు చేయించుకుందామని అనుకున్నారట. ఆ సంగతి నాకు ఒక్కదానికే చెప్పింది.

ఆయన రాలేదు, రీళ్లు వచ్చాయి. చేతిని ఒక్క సెకను చూపిస్తే సరిపోయేదానికి ఆయన రెండు మూడు సెకన్లు ఉంచేవాడు. ఒక్కోసారి ఆ మొండి వేలు కొంచెం ఆడేది. ఫిల్ము తగలేస్తున్నాడని ఒబాతా గారు విసుక్కునేవారు. అక్క మాత్రం భూతద్దం పెట్టి చూసేది, కత్తిరించేది, డబ్బాలో వేసేది. ఆ రోజంతా ఆమె భుజాలు కాస్త తేలిగ్గా ఉండేవి. రీళ్లు రాని వారాల్లో అలా ఉండేవి కావు. ఎవరైనా చనిపోతే కబురు ఇంటివాళ్లకు పోతుంది. పెళ్లికాని మనిషికి ఎవరు చెబుతారు? ఆయన తల్లికి ఈమె పేరు కూడా తెలియదు. ఆయన బతికున్నాడని అక్కకు చెప్పేది ఆ చెయ్యి ఒక్కటే.

తరువాత ఆయన్ను ఉత్తరాన చిషిమా దీవులకు మార్చారు. ఆ చలికాలం చివర ఒక రీలు వచ్చింది. డబ్బామీద ఆయన పేరే ఉంది. దీపంమీద పెట్టి చూస్తే, మంచులో, సైనికులు వేసుకునే మందపాటి తొడుగులో ఒక చెయ్యి. అయిదు వేళ్లూ చాచి ఉంది. ఒక్క సెకను కనిపించి తప్పుకుంది.

అక్క నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చింది. “చూడు ఫుమీ. చిటికెన వేలి కొస లోపల ఖాళీగా లేదూ?”

చూశాను. కొస కొంచెం వంగినట్టే ఉంది. గాలికో, గుడ్డ మందానికో కూడా అలా వంగుతుంది. “నాకు తెలియడం లేదక్కా,” అన్నాను.

ఒబాతా గారూ చూశారు. మనిషి పడిపోతే అతని కెమెరా ఇంకొకడు అందుకుంటాడని, పైనుంచి కాగితం వచ్చేదాకా డబ్బామీద పేరు మారదని మెల్లగా చెప్పారు. రీలంతా పొగమంచు, పనికొచ్చే బొమ్మ ఒక్కటీ లేదు. కత్తెర పెట్టకుండానే అటకమీద పెట్టించారు. ఆ తరువాత ఆ పేరుతో మరి రీలు రాలేదు. విమానదాడి సైరన్ మోగి అందరం నేలమాళిగలోకి దిగినా, అక్క అందరికంటే వెనక వచ్చి మెట్లమీదే కూర్చునేది. పక్కన ఇంకొకరికి చోటుండేది. ఎవరమూ కూర్చునేవాళ్లం కాదు.

ఆగస్టులో యుద్ధం ముగిసింది. అమెరికావాళ్లు దిగేలోగా రీళ్లన్నీ తగలబెట్టమని ఉత్తర్వు వచ్చింది. పెరట్లో మంట వేశారు. మేము వరసగా నిలబడి డబ్బాలు అందిస్తున్నాం. అటకమీది డబ్బాలు దింపేటప్పుడు హత్సుయో అక్క వాటిలో ఆ పొగమంచు రీలు డబ్బా పట్టుకుని లోపలికి, తన బల్ల దగ్గరికి వెళ్లింది. తెల్లతొడుగులు వేసుకుంది. దీపం వెలిగించింది.

ఒబాతా గారు గుమ్మంలో నిలబడ్డారు. “ఇప్పుడు కత్తిరించడం దేనికమ్మా? మొత్తం మంటలోకేగా.”

“తల తియ్యకుండా రీలు ఎప్పుడైనా బయటికి పంపానా?” అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆయన తుక్కు డబ్బావైపు చూసి, ముఖం తిప్పుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. అక్క ఫిల్మును చుట్టి, మూత బిగించి, డబ్బా నా చేతుల్లో పెట్టింది. నేను తీసుకెళ్లి అందించాను. మంట ఒక్కసారిగా లేవడంతో అందరం వెనక్కి జరిగాం.

గదిలోకి తిరిగి వచ్చేసరికి దీపం ఆర్పి ఉంది. కత్తెర తుడిచి బల్లమీద పెట్టి ఉంది, పక్కన తొడుగులు మడిచి ఉన్నాయి. తుక్కు డబ్బాలో ఏమీ లేదు, ఇప్పుడే కత్తిరించిన ఆ తల కూడా. నీళ్లకు వెళ్లిందేమో అనుకుని కాసేపు ఆగాను, కాని అక్క ఆ రోజూ, ఆ తరువాతా తిరిగి రాలేదు. గదిలో వేసుకునే చెప్పులు గడప దగ్గర జతగా విడిచి ఉన్నాయి. కాలువవైపు తలుపు తీసే ఉంది.