మా పేపర్ బస్సెక్కని వారం

మొన్న జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం కూర్చుంటే, నా పక్కనున్న చిన్నపిల్ల ఫోనులో దుబాయిలో ఉన్న తండ్రిని చూస్తూ మాట్లాడుతోంది. తిన్నావా అని ఆ పిల్ల అడిగితే ఆయన కంచం ఎత్తి చూపించాడు. వాళ్లను చూస్తూ నా బస్సు వెళ్లిపోయిన సంగతే గమనించలేదు. నా మనసు అప్పటికే ఎన్నో ఏళ్ల వెనక్కి, కోరుట్లలోని మా ప్రెస్సుకు చేరుకుంది.

నా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయన మరమగ్గాల మీద, అంటే మా మాటలో సాంచాల మీద బతికినవాడు. సాంచాలు ఆగిపోయి, మా వాడకట్టులో మగవాళ్లు ఒక్కొక్కరే మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండికి పోతున్న రోజుల్లో నన్ను కోరుట్లకు ఇచ్చారు. మా బావ, అంటే మా ఆయన అన్న, నాలుగు పేజీల వారపత్రిక నడిపేవాడు. ముందు గదిలో కాలితో తొక్కే అచ్చు మిషను, వెనక గదిలో మా కాపురం. మా ఆయన గల్ఫుకు వెళ్లాక ఊరికే కూర్చోలేక బావ దగ్గర కంపోజింగు నేర్చుకున్నాను. సీసపు అక్షరాలను తలకిందులుగా పేర్చడం, వత్తుల కోసం అరలన్నీ వెతకడం మొదట్లో ఏడుపు తెప్పించినా, తర్వాత కళ్లు మూసుకుని కూడా చేయగలిగాను.

పత్రికకు అండ చివరి పేజీ ప్రకటన. అది ఊళ్లోని గల్ఫ్ ఏజెంటుది. మా ఆయనను పంపింది కూడా అతనే.

ఒకరోజు గల్ఫు నుంచి సెలవుకు వచ్చినవాళ్లెవరో మా ఆయన మాట్లాడి పంపిన క్యాసెట్టు తెచ్చి ఇచ్చారు. అందులో ఆయన గొంతు బొంగురుగా ఉంది. "కంపెనీ మూసిండ్రు. పాసుపోర్టులు సేటు దగ్గర్నే ఉన్నయ్. రూముల అందరం గిట్లనే పడి ఉన్నం. ఎవలకన్న చెప్పుండ్రి." అదే గదిలో ఉన్నవాళ్ల ఆడవాళ్లు బుగ్గారం నుంచి, వెల్గటూర్ నుంచి వచ్చి, మా గదిలో చాప మీద కూర్చుని ఆ క్యాసెట్టును మళ్లీ మళ్లీ వేయించుకుని విన్నారు.

బావ క్యాసెట్టును చేతిలోకి తీసుకున్నాడు. వార్త వేస్తే ఏజెంటు ప్రకటన పోయి పత్రిక మూతపడవచ్చు, వేయకపోతే అక్కడున్నది సొంత తమ్ముడు. చివరికి కూర్చుని వార్త రాసి చదివి వినిపించాడు. వెల్గటూర్ నుంచి వచ్చిన పెద్దామె, కొడుకు అక్కడ చిక్కుకున్న తల్లి, నెమ్మదిగా అంది: "గిది మా పోరలు మాట్లాడినట్టు లేదు బిడ్డా." బావ కాగితం పక్కన పెట్టి, నువ్వే చెయ్యమన్నట్టు నావైపు చూశాడు. టేపు ఆపుకుంటూ, మా ఆయన అన్న మాట అన్నట్టే పేర్చాను.

పేపరు అచ్చయ్యేలోపే సంగతి తెలిసి ఏజెంటు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గా వార్త తీసెయ్. లేకుంటే నీ పేపర్ ఊరు దాటది" అన్నాడు.

"దాటకుంటే ఊర్లనే చదువుతరు" అన్నాడు బావ, మిషను తొక్కడం ఆపకుండానే.

అతను అన్నంత పనీ చేశాడు. ఎప్పుడూ మా కట్టలను బస్సెక్కించే మనిషి ఆ వారం ముఖం చాటేశాడు. బావ కట్టల ముందు కూలబడ్డాడు. అప్పుడు, పేపరు కోసం అందరితోపాటు మా ఇంట్లోనే ఆగిన వెల్గటూర్ పెద్దామె తను తెచ్చుకున్న సంచిలోని బియ్యం మా చేటలో కుమ్మరించి, ఖాళీ సంచి చాపింది. "గిండ్ల ఎయ్యి. నా సంచి ఎవడు ఆపుతడో చూస్త."

ఆమె వెల్గటూర్‌కు, మిగిలినవాళ్లు బుగ్గారానికి, నేను సిరిసిల్లకు పేపర్లు మోసుకెళ్లాం. సాంచాలు ఆగిన మా వాడలో మా నాయన అరుగు మీద నిలబడి, అల్లుడి మాటలను అల్లుడి యాసలోనే గట్టిగా చదివాడు. వినడానికి వచ్చిన జనంతో వీధి నిండిపోయింది. ఆ తర్వాత మూడూళ్ల ఆడవాళ్లం పేపరు చేతబట్టుకుని కరీంనగర్ ఆఫీసుల మెట్లెక్కాం. పెద్ద పత్రికలు కూడా మా వార్తను ఎత్తుకున్నాయి. చివరికి ఆ గదిలోని వాళ్లందరూ తిరిగొచ్చారు. కోరుట్లలో బస్సు దిగిన మా ఆయన సగానికి సగం అయ్యాడు. నన్ను చూసి, "పేపర్ల నా మాట అచ్చం గట్లనే ఏసినవట" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు నాకు మళ్లీ దొరకలేదు.

వాళ్లు వచ్చిన వారం, ఏజెంటు ప్రకటన లేని చివరి పేజీలో, తిరిగొచ్చిన వాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో పేర్చాను. మల్లయ్యలు, రాజయ్యలు, లింగయ్యలు ఎంతమంది ఉన్నారంటే మా అరల్లో పెద్ద అక్షరాల య-వత్తులు అయిపోయాయి. మా ఆయన పేరు చివరికి చిన్న అక్షరాల్లో పడింది. అడిగేవాళ్లు ఎక్కువై ఆ పేపరును రెండోసారి అచ్చువేయాల్సి వచ్చింది.

బావ పోయాక పత్రిక ఆగిపోయింది, మిషను పాత ఇనుములోకి పోయింది. ఇప్పుడు ఎవరి కష్టమైనా క్షణంలో ఇంటికి తెలుస్తోంది, అందుకు సంతోషమే. కానీ ఆ ఒక్క ఇంటికే తెలుస్తోంది. పక్క ఊరి తల్లి వచ్చి మన చాప మీద కూర్చుని, మనవాళ్ల గొంతు వినే రోజులు పోయాయి.