నేలపాలు

నా చిన్నప్పుడు నేలపాలు అనేది మా ఊళ్ళో మంచి మాట. వృథా అయిపోయినదాన్ని మిగతా తెలుగువాళ్ళు అలా అంటారని ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తమిళనాడులో గుడియాత్తం దాటి కొండ కింద ఉన్న మా ఊళ్ళో అది కుందేళ్ళ వేటలో ఒక వాటా పేరు. వేటాడిన ప్రతివాడికీ ఒక పాలు, వలకు ఒకటి, కుక్కలకు ఒకటి పోగా చివరి పాలు నేలది. కొండ కింది పోరంబోకు ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. అందుకని దాని పాలు వేటకు రాలేనివాళ్ళకు పోయేది. ఎక్కువగా పక్కింటి అక్కకే. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉండేది. పాళ్ళు పంచేది వేటగాళ్ళలో పెద్దవాడైన మా తాతయ్య. మాంసం పోగులకు టేకాకులు పరచడం నా పని.

ఆ ఏడు పోరంబోకును సర్కారు ఒక షావుకారుకు అమ్మేస్తుందని తెలిసింది. ఊరు అడ్డు చెప్పకపోతే చాలట. మొదట అడ్డం తిరిగింది వేటగాళ్ళే. కుందేళ్ళ కోసం ఏడుస్తున్నారని పొలాలున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ మేకలు మేసేది అక్కడే, వాళ్ళ పొయ్యిలోకి కట్టెలు వచ్చేదీ అక్కడినుంచే, అయినా నవ్వారు. తాతయ్య ఇల్లిల్లూ తిరిగి, విచారణకు వచ్చే ఆఫీసరు ముందు అందరూ కాదనేట్టు ఒప్పించాడు.

విచారణకు ముందు ఆదివారం వేట జరిగింది. పాళ్ళు పంచే వేళకు షావుకారు జీపులో వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. నేల తనదైనా వేట మీదేనన్నాడు, ఎప్పుడైనా రావచ్చన్నాడు. వేటగాళ్ళ ముఖాలు విప్పారాయి. వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపకూడదనుకున్నాడేమో, మా చిన్నాన్న చివరి ఆకు ఎత్తి ఆయన చేతిలో పెట్టాడు.

అది నేలపాలు.

తాతయ్య లేచి వెళ్ళి ఆ ఆకు తీసుకున్నాడు. లాక్కోలేదు. పసిబిడ్డ చేతిలోంచి కత్తి తీసినట్టు మెల్లగా తీసి, నాకిచ్చి, అక్కకు ఇచ్చిరమ్మన్నాడు.

"ఏం పెద్దాయనా, ఒక తొడ ముక్కకు ఇంత రోషమా?" అని షావుకారు నవ్వాడు.

"నా పాలు ఉండాది సామీ, తీసకపోండి. ఇది నేలది. మీ చేతిలో పెడితే నేల మీదని మేమే ఒప్పుకున్నట్టు."

చిన్నాన్నకు తల కొట్టేసినట్టయింది. "మర్యాద లేదా నాయనా నీకు? వచ్చి యాటాడుకోమంటా ఉండాడు గదా."

"రమ్మన్నోడు రేపు రావద్దంటాడురా. ఇన్నాళ్ళూ మనల్ని ఎవురన్నా రమ్మన్నారా?"

అప్పటికి నాకు డైరీ రాసే అలవాటు లేదు. అయినా ఆ మాట పొల్లు పోకుండా గుర్తుంది. నేను అక్క ఇంటికి వెళ్ళి వచ్చేసరికి తాతయ్య ఒక్కడే కూర్చుని వల చుట్టుకుంటున్నాడు. మిగతావాళ్ళు జీపు చుట్టూ నిలబడి ఉన్నారు.

విచారణలో కాదన్నది తాతయ్య ఒక్కడే. కంచె పడింది. తర్వాతి వేటనాడు కావలివాడు గేటు దగ్గర నిలబడి, నేలపాలు షావుకారు బంగళాకు తీసిపెట్టి పొమ్మన్నాడు. పేరు కూడా మార్చలేదు. చిన్నాన్నే తీసిపెట్టాడు. పక్కింటి అక్క గిన్నె పట్టుకుని మా వాకిట్లో చాలాసేపు నిలబడింది. మరుసటి ఏటికి వేట వద్దన్నారు, మేకలూ వద్దన్నారు, కట్టెలూ వద్దన్నారు. తాతయ్య వలను అటక మీద ఎలుకలు కొరికేశాయి. నేను చెప్పలేదా అని ఆయన ఎవరినీ ఒక్కసారి కూడా అనలేదు. అని ఉండాల్సిందని నాకిప్పటికీ కోపం.

ఇప్పుడు వేలూరు పక్కన బాగాయంలో ఉంటున్నాను. మొన్న మా వీధి చివరి పోరంబోకును ఎవరికో రాసిచ్చేదాని మీద మీటింగు పెట్టారు. ముందుగా కొనేవాళ్ళ తరఫున స్వీటు పాకెట్లు పంచారు. అందరూ విప్పుకున్నారు. నేను ముట్టలేదు.

"షుగరా అమ్మా?" అని అడిగాడు పక్క కుర్చీలో చిత్తూరాయన.

కాదన్నాను.

"అయితే ఇట్లియ్యండి. ఊరికే నేలపాలు చేసేదెందుకు?" అని అందుకున్నాడు.

ఎవరికైనా అభ్యంతరమా అని అడిగినప్పుడు లేచింది నేనొక్కదాన్నే. నేలపాలు అన్న మాటకున్న రెండో అర్థం ఆ హాల్లో తెలిసిందీ నాకొక్కదానికే.