సూర్యలంక బోర్డు మీద ‘టిల్’

2007 వేసవి. బాపట్లలో చేతిరాత బోర్డులు రాయడం నా వృత్తి. అప్పటికే తెనాలిలో ఫ్లెక్స్ మిషన్లు దిగాయి. అయినా ఉప్పుగాలికి ఫ్లెక్స్ తొందరగా చిరిగిపోతుంది కాబట్టి సముద్రం వైపు పనులు ఇంకా నాకే వచ్చేవి. రేకు మీద ముందు ప్రైమర్ కొడతాం, రంగు పట్టడానికి వేసే తొలిపూత అది. ఆరాక చాక్‌పీస్‌తో అక్షరాల లేఅవుట్ గీసుకుని, ఆ గీతల మీద ఎనామిల్ పెయింటు వేస్తాం.

ఒక ఉదయం ఆదిలక్ష్మి అనే ఆవిడ వచ్చి ఇంగ్లీషు బోర్డు కావాలంది. సూర్యలంక ఒడ్డున చేపలు వేయించి అమ్ముతుంది, భర్త వేటకు వెళతాడు. కొట్టుకు పేరు రాయించుకోవడానికేమో అనుకున్నాను. కాదట. సముద్రంలో దిగేవాళ్ళ కోసమట.

అంతకు ముందు నెల రేపల్లె నుంచి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. చీకటి పడే వేళ ఆ అబ్బాయి చొక్కా, వాచీ భార్య చేతికిచ్చి, ఇప్పుడే వస్తానని నీళ్ళలోకి దిగాడు. అల లాగేసింది. ఆదిలక్ష్మి కేకలకు ఆమె భర్త పడవ దించాడు కానీ లాభం లేకపోయింది. రేపల్లె నుంచి మనుషులు వచ్చేదాకా ఆ అమ్మాయిని తన ఇంట్లోనే కూర్చోబెట్టుకుంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పొయ్యి ఆర్పేసి, ఒడ్డు వెంట నడుస్తూ అందరినీ బయటికి పిలుస్తోంది. వినేవాళ్ళు వింటారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఊరి పెద్దల్ని అడిగి బోర్డుకు చోటు కూడా చూసుకుంది.

తెలుగులో రాయించుకోవచ్చు కదక్కా అన్నాను.

“తెలుగులో నేను రోజూ చెబుతూనే ఉన్నా తమ్ముడూ. ఇంగ్లీషులో ఉంటే ఎవరో పెద్దోళ్ళు పెట్టారనుకుంటారు” అంది.

రాయాల్సిన మాట ఆమెకు కంఠతా వచ్చు. కొట్టుకు వచ్చిన ఒక కాలేజీ విద్యార్థిని అడిగి నేర్చుకుందట. ‘నో బేతింగ్ టిల్ సన్‌సెట్’. అలాగే లేఅవుట్ గీశాను. ఇంగ్లీషు బోర్డు ఏదైనా పెయింటు వేసేముందు మా వీధిలోని సుబ్రహ్మణ్యం మాస్టారికి చూపించడం నాకు అలవాటు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారాయన. కబురు పెడితే వచ్చి, చదివి, ఆదిలక్ష్మి వైపు తిరిగారు.

“మీరు చెప్పాలనుకున్నదేంటమ్మా?”

“పొద్దుగూకే వరకే దిగాలండి. చీకటి పడితే దిగొద్దండి.”

“ఈ బోర్డు పొద్దుగూకాక దిగమంటోందమ్మా.”

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. మాస్టారు కూడా నా ఖాళీ రంగుడబ్బా బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నారు. ‘టిల్’ అంటే వరకు అని చెప్పారు. ఏదైనా ఒక వేళ దాకా సాగి, అక్కడ ఆగిపోతుంది. షాపు తొమ్మిది వరకు తెరిచి ఉంటుందంటే, ఆ తర్వాత మూసేస్తారనేగా. ఇక్కడ సాగేది ‘దిగొద్దు’ అన్న మాట. పొద్దుగూకగానే అది ఆగిపోతుంది, అంటే దిగొచ్చని అర్థం. మన తెలుగులో ‘వరకే’ అని చివర ‘ఏ’ పెడితే తర్వాత కుదరదని తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ పని ‘ఓన్లీ’ చేస్తుంది.

“అయితే ఆ నో తీసేసి ఓన్లీ పెడితే సరిపోద్దా మాస్టారూ?”

ఆయన ముఖం వెలిగింది. సరిపోతుందన్నారు. ఆమెకు మాత్రం తృప్తి కలగలేదు. పొద్దుగూకే వరకు ఉండొచ్చంటే ఆఖరి నిమిషం దాకా ఉంటారు, కబుర్లు చెప్పుకుంటూ చీకట్లో బయటికొస్తారు, నాకు వాళ్ళు అప్పటికే ఒడ్డున ఉండాలి అంది.

మాస్టారు నా చేతిలోని చాక్‌పీస్ అందుకున్నారు. “దానికి వేరే మాట ఉందమ్మా, ‘బై’ అని. లోపు అని అర్థం. టిల్ అంటే అప్పటిదాకా ఉండనిస్తాం. బై అంటే అప్పటికి వచ్చెయ్యాలి.”

“ఆ లోపే రాయండి” అంది.

చాక్‌పీస్ గీతలు చెరిపేసి ‘కమ్ అవుట్ ఆఫ్ ద వాటర్ బై సన్‌సెట్’ అని రాశాను. బోర్డు పాతే రోజు మాస్టారు కూడా నాతో బస్సెక్కారు. ఆ సాయంత్రం వడ్లమూడి నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు బోర్డు చదువుకుని ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఇద్దరు మాత్రం కదల్లేదు. ఆదిలక్ష్మి చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. “బోర్డు చదివారుగా నాయనా, రండి” అని మెల్లగా అంది. వాళ్ళు వచ్చేదాకా అక్కణ్ణించి కదల్లేదు. వాళ్ళు వచ్చారు.

తిరుగు బస్సులో మాస్టారు అన్నారు: “నా సర్వీసంతా ప్రిపోజిషన్లు చెప్పానయ్యా. ఇంత అవసరం కొద్దీ నేర్చుకున్న మనిషిని ఇవాళే చూశాను.”

మరుసటి ఏడాది ఆదిలక్ష్మి, ఉప్పుగాలి తినేసిన అక్షరాలకు మళ్ళీ రంగు వేయించడానికి వచ్చింది. ఒడ్డుకు అవతలి కొసన కూడా జనం దిగుతున్నారని ఇంకో బోర్డు అడిగింది. ‘బై’ అనే మాటను వేలితో చూపించి, దీన్ని ఎర్రగా రాయమంది.

అప్పటిదాకా నా దృష్టంతా అక్షరం వంపు మీద, రంగు మెరుపు మీద ఉండేది. ఇప్పుడు ఏ బోర్డుకైనా పెయింటు డబ్బా మూత తీసేముందు, ఇది చదివినవాళ్ళు ఏం చెయ్యాలండీ అని అడుగుతాను. చాలామంది ఆగి ఆలోచిస్తారు. ఆదిలక్ష్మి మా కొట్టు మెట్లెక్కే ముందే అది ఆలోచించుకుని వచ్చింది.