బేరం వదిలిన టాక్సీ

మొన్న మంగళవారం మధ్యాహ్నం నందిగామలో నా స్పేర్ పార్టుల కొట్లో ఒకాయనకి క్లచ్ ప్లేట్లు చూపిస్తుంటే జగ్గయ్యపేట నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య వెళ్లిపోయాడు నాయనా" అంది. నేను ఆ ప్లేట్లు చేతిలో పట్టుకునే కుర్చీలో కూలబడ్డాను. మా అమ్మకి సొంత తమ్ముడాయన. నాకు వ్యాపారం నేర్పినవాడు. నేను చేసిన తప్పొకటి ఏళ్ల తరబడి నోరెత్తకుండా మోసినవాడు కూడా. ఆ తప్పు సంగతి దాచి ఆయన గురించి రాస్తే నేను అబద్ధం రాసినట్టే.

పేటలో పాత మోటారుసైకిలు కొనాలన్నా అమ్మాలన్నా ముందు మావయ్యకి కబురెళ్లేది. బండి స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవాడు. ఆ తర్వాతే ధర. "ధర చెప్పాక నోరు మూసుకో అల్లుడూ. ముందు మాట్లాడినోడే దిగొస్తాడు" అనేవాడు. ఆ బేరాల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు బేరమాడుతున్న బండి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. మొదటివాడు "నేనొదిలేశా, నువ్వు చూసుకో" అని నోటితో అన్నాకే రెండోవాడు తాళం అందుకోవాలి. మావయ్య ఈ ఒక్క విషయంలో చాలా పట్టుదల మనిషి. అలా అనకుండా బండి చేతులు మారితే మొదటివాడి ఉసురు కొత్తవాడికి తగులుతుందని ఆయన నమ్మకం.

టీవీలో బైకు రేసు వస్తుంటే ఆయనకి అన్నం ధ్యాస ఉండేది కాదు. ఒక్కసారన్నా కళ్లారా చూడాలని నేనూ ఆయనా కూడబలుక్కుని మలేసియా వెళ్లాం. ఇద్దరికీ విమానం ఎక్కడం అదే మొదలు. రేసు రోజు పొద్దున్నే మేం దిగిన లాడ్జి ముందు టాక్సీ మాట్లాడాం. డ్రైవరు తమిళాయన. వంద రింగిట్లు అన్నాడు. మావయ్య అరవై అన్నాడు. ఈయన తెలుగులో, ఆయన తమిళంలో, ఎంతో పాత పరిచయం ఉన్నట్టు పోట్లాడుకున్నారు. చివరికి ఎనభై దగ్గర ఆగింది. "సర్లే, ఇంత దూరమొచ్చి కక్కుర్తెందుకు" అని మావయ్య తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టాడు.

నేను వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాను. "ఆగు మావయ్యా. పేటలో నీ పేరేంటి, ఇక్కడ నువ్వు లొంగిపోవడమేంటి? వాడే దిగొస్తాడు చూడు" అన్నాను. ఆయన నవ్వి కాలు బయటికి తీశాడు.

మా వెనక ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. ఏ దేశస్థుడో తెలియదు. మా బేరం తేలేదాకా కదలకుండా నిలబడ్డాడు. మా పేట కట్టుబాటు ఆయనకి ఎవరు చెప్పారో మరి. టాక్సీని చూసి, మావయ్యని చూసి, 'ఎక్కనా' అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. "నేనొదిలేశానండి, మీరు చూసుకోండి" అన్నాడు మావయ్య, తెలుగులోనే. అంతా అర్థమైనట్టు ఆయన తలవంచి, మావయ్య తెరిచిన తలుపులోంచే లోపలికెళ్లి కూర్చున్నాడు.

ఇంకో టాక్సీ డెబ్బైకి దొరికింది. పది రింగిట్లు మిగిల్చానని నేను దారి పొడుగునా గొప్పలు పోతూనే ఉన్నాను. హైవే మీద ఒకచోట బళ్లన్నీ ఆగిపోయాయి. కంకర లారీ కింద మేం వదిలేసిన టాక్సీ ఉంది. డ్రైవరు గట్టు మీద కూర్చుని తల పట్టుకుని ఏడుస్తున్నాడు. టాక్సీకి వెనక సీటన్నదే మిగల్లేదు. ఎర్ర టోపీ మాత్రం దుమ్ము కూడా అంటకుండా రోడ్డు మధ్యన ఉంది.

రేసుకి వెళ్లాం. ఎందుకు వెళ్లామో ఇప్పటికీ నాకు తెలియదు. గడ్డి గట్టు మీద కూర్చున్నాం. నేను మంచినీళ్లు తెచ్చేసరికి మావయ్య కొంచెం పక్కకి జరిగి ఉన్నాడు. నాకోసమే అనుకుని అక్కడ కూర్చోబోయాను. "అటు కాదు అల్లుడూ, ఇటు రా" అన్నాడు. బళ్లు ఎదురుగా గింగురుమంటూ పోతున్నా ఆయన తలెత్తి చూడలేదు.

తిరిగొచ్చాక ఆయన బేరమాడటం మానేశాడు. చెప్పిన ధర ఇచ్చేసేవాడు. నందిగామ బస్సెక్కితే రెండు టికెట్లు తీసుకునేవాడు. "ఇంకొకరు ఎక్కలేదండి" అని కండక్టరంటే, "ఎక్కాడులే, నువ్వు కొట్టు" అనేవాడు. ఒకసారి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం షేర్ ఆటోలో ఆయనతో వెళ్తూ మా ఇద్దరి మధ్య ఖాళీలో చెయ్యి పెట్టాను. నా కింద రెగ్జిన్ సీటు కాలిపోతోంది. ఆ చోటు మాత్రం చల్లగా ఉంది. చెయ్యి తీసేసుకున్నాను.

ప్రమాదం సంగతి తెలిశాక అత్తయ్య ఆయన్ని దులిపేసేది. "చిల్లర డబ్బులకి కక్కుర్తిపడి పరాయి మనిషిని చావుకి పంపించావు" అనేది. ఆయన తల దించుకునేవాడు. నేను అక్కడే కూర్చుని టీ తాగేవాణ్ణి. చొక్కా లాగింది నేనేనని ఒక్కనాడూ నా నోటి వెంట రాలేదు. సిగ్గుమాలిన నోరు.

పోయిన శుక్రవారం ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్లినప్పుడు ఇక ఆగలేకపోయాను. మంచం పక్కన నిలబడి, "మావయ్యా, ఆ రోజు నువ్వు ఎక్కేవాడివే. లాగింది నేను" అన్నాను.

"తెలుసురా. నా చొక్కా నాకు తెలీదా?" అన్నాడు.

"మరి అత్తయ్య అన్నేసి మాటలంటుంటే నా పేరు చెప్పలేదేం?"

"ఒదిలేశానని చెప్పింది నా నోరు. నీ చెయ్యి కాదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అయినా నువ్వింకా చాలా చోట్లకి తిరగాలి అల్లుడూ. ఆ టోపీ మనిషి నా పక్కన కూర్చున్నన్నాళ్లు నీ పక్కకి రాడుగా. నేను భరించగలనులే అనుకున్నా."

నేను ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చాను. "ఊరుకో, నర్సమ్మ చూస్తే నవ్వుద్ది" అన్నాడు. అదే నాతో ఆయన ఆఖరి మాట.

బుధవారం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, పిడికెడు మట్టి వేసి నందిగామ బస్సెక్కాను. చిల్లకల్లులో జనం విరగబడి ఎక్కారు. నిలబడటానికి కూడా చోటు లేదు. నా పక్క సీటు ఖాళీగానే ఉంది. పెద్ద సంచీ మోస్తూ ఒకావిడ వచ్చి నా దగ్గర నిలబడింది.

"కూర్చోండమ్మా, ఎవరూ లేరు" అన్నాను.

ఆవిడ సీటు వైపు చూసి గొంతు తగ్గించింది. "పర్లేదులే బాబూ. పాపం, టోపీ మొహమ్మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపొద్దు."

నేను అటు తిరగలేదు. ఆయనకి చోటు చాలుతుందో లేదోనని కిటికీ వైపు ఇంకాస్త జరిగాను.