అక్కను అడగని మన్నింపు

“పాపను మాత్రం ముట్టుకోం, అమ్మా” అని ఒకడు అన్నం తింటూ ఇచ్చిన మాట. మాస్టారు పోయారని తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే. అది విన్నది నేను కాదు, వాడా మాట తప్పినప్పుడు నేను ఆ దేశంలోనే లేను. అయినా అదే గుర్తొచ్చింది. మాస్టారి ముఖం ఆ తర్వాత వచ్చింది.

మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. “నాన్నా, మాస్టర్ అంకుల్ పొద్దున హాస్పిటల్లో పోయినారంట. ఫ్యూనరల్ ఫ్రైడే. నువ్వు వస్తావా, రావా?”

రావా అని ఎందుకడిగిందో చెప్పాలి.

మేముండే ఈ పరదేశపు పేట పెండిల్ హిల్‌లో పద్నాలుగేళ్ళు ఆయనది మా పక్కిల్లు. శ్రీలంక ఉత్తరాన ఒక తమిళుల ఊళ్ళో లెక్కల మాస్టారుగా పనిచేసి, యుద్ధం ముగిశాక ఇక్కడికి చేరారు. నాది పుత్తూరు, తమిళం ఇంటిభాషంత వచ్చు. ఇక్కడుండే మీలో చాలామంది పిల్లలకు ఆయన ఆదివారాలు ఊరికే లెక్కలు చెప్పారు. పిల్లలు ఇంగ్లీషులో గొణిగితే ఆయన తమిళంలో తిట్టేవారు. ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది.

తప్పు జవాబును ఆయన కొట్టేసేవారు కాదు. మొదటి వరస నుంచి ఎర్ర పెన్నుతో దిగుతూ వచ్చి, తప్పు మొదలైన చోట చిన్న చుక్క పెట్టి, అక్కడిదాకా మార్కులు వేసేవారు. “అంతవరకూ బాగానే నడిచాడు కదా పాపం” అనేవారు. నేను నవ్వేవాణ్ణి.

ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. జరిగింది నాకు చెప్పింది ఆవిడే. పెద్ద కొడుకు తనంతట తాను, తమిళులకు వేరే దేశం కావాలని పోరాడే ఉద్యమంలో చేరి చనిపోయాడు. యుద్ధం చివరికొచ్చేసరికి ఆ ఉద్యమంవాళ్ళు పోరాటానికి ఇంటికొకరిని ఇచ్చి తీరాలన్నారు. వీళ్ళిల్లు అప్పటికే ఒకణ్ణి ఇచ్చింది. ఆ చుట్టుపక్కల మనుషుల్ని పోగుచేసేవాడు ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. అక్క పెట్టిన అన్నం తిని, చిన్నదైన కూతుర్ని ముట్టుకోబోమని మాటిచ్చాడు. మూడు వారాలకు వాడే బండి తీసుకొచ్చి, పెరట్లో గోతిలో దాక్కున్న పిల్లను చెయ్యి పట్టి బయటికి లాగాడు. ఆ పిల్లకు పదిహేడేళ్ళు. యుద్ధం అయిపోయింది. పిల్ల రాలేదు. పిల్ల శవమూ రాలేదు.

మూడేళ్ళ క్రితం ఇక్కడి కిరాణా కొట్టులో, బిల్లు కట్టే వరసలో, అక్క వాణ్ణి చూసింది. చేతిలోని మునక్కాయలు అక్కడే పెట్టేసి నడిచి వచ్చేసింది. వాడు శరణార్థిగా పడవెక్కి వచ్చి, పక్క పేట టూంగాబీలో ఉంటూ, కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాడని తర్వాత తెలిసింది. అక్క ఆ సంగతి భర్తకు చెప్పలేదు. నాకు చెప్పింది.

“తమ్ముడూ, ఆయన మెత్తన. నువ్వే చూసుకోవాలి. నేనున్నా పోయినా వాడు నా గడప తొక్కకూడదు.”

సరేనన్నాను. నిరుడు అక్క క్యాన్సర్‌తో పోయింది.

వాళ్ళ పద్ధతిలో అక్కకు ముప్ఫై ఒకటో రోజు కర్మ అయిన మర్నాడు వాడు వచ్చాడు. తలుపు తీసింది నేనే. ఎవడో చెప్పుకోగానే పొమ్మన్నాను. వెనకనుంచి మాస్టారు ఎవరని అడిగారు. వాడు ఏ బెంచీలో కూర్చునేవాడో చెప్పుకున్నాడు. ఆయన గుమ్మందాకా నడిచొచ్చారు.

“చెప్పులు విప్పి లోపలికి రా” అన్నారు మాస్టారు.

వాడు నేలమీద కూర్చున్నాడు. “ఆ రోజు మా చెల్లెల్ని దాచాను సార్. తీసుకెళ్ళాల్సిన లెక్కలో ఒకరు తగ్గారు. ఆ ఒక్కరి చోట మీ పాపను తీసుకెళ్ళాను.”

“చెల్లెలు ఉందా?”

“ఉంది సార్. కెనడాలో. ఇద్దరు పిల్లలు.”

మాస్టారు తలూపారు. “టీ తాగుతావా?” అన్నారు.

వాడు వెళ్ళాక అక్క నాతో అన్నదంతా చెప్పాను. “నాకు ఎనభై ఒకటి. ఇంకెంతకాలం మొయ్యమంటావు?” అన్నారు.

“మీది మీరు దించుకోండి. అక్కది దించే హక్కు మీకెవరిచ్చారు?” అన్నాను. ఆయన టీ కప్పులు తీసి సింకులో పెట్టారు. నేను వచ్చేశాను.

ఎనిమిది నెలలు ఆ గుమ్మం ఎక్కలేదు. మంగళవారం, శుక్రవారం వాడి కారు వచ్చేది, ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేది. రెండుసార్లు మాస్టారు కంచె దగ్గరికి వచ్చి నన్ను పిలిచారు. టీవీ సౌండ్ పెంచాను. యుద్ధాల గురించి, వాటి తర్వాతి రాజీల గురించి నా అలమారు నిండా పుస్తకాలున్నాయి. చనిపోయినవాళ్ళ తరఫున మన్నించే అధికారం ఎవరిదో నాకు నచ్చేలా ఒక్కదాంట్లోనూ లేదు. ఆ పుస్తకాల మధ్యే కూర్చుని ఆయన పిలుపు వినపడనట్టు నటించాను. మూడోసారి ఆయన రాలేదు.

శుక్రవారం అంత్యక్రియలకు వెళ్ళాను. కొడుకు లేని మనిషికి తలకొరివి ఎవరు పెడతారని పంతులు అడగాల్సిన పని లేకపోయింది. వాడే పెట్టాలని మాస్టారు ముందే కాగితం రాసి పెట్టారట. తడి పంచెతో వాడు లేచాడు. ఇక్కడ కట్టెలూ నిప్పూ ఉండవు, గోడకు ఒక బటన్ ఉంటుంది, నొక్కితే పెట్టె కొలిమిలోకి వెళ్తుంది. వాడి వేలు దానిమీద ఆగిపోయింది. పక్కనున్న తెల్లాయన, “టేక్ యువర్ టైమ్, మేట్” అన్నాడు. వాడు తిరిగి మూడో వరసలో ఉన్న నావైపు చూశాడు. అక్కకు తమ్ముణ్ణని వాడికీ తెలుసు. నేను తల ఊపితే చాలన్నట్టు, వేలు తియ్యకుండా, అలాగే చూస్తూ నిలబడ్డాడు.

నేను తల దించుకున్నాను. కాసేపటికి గోడ వెనక యంత్రం కదిలిన చప్పుడైంది.

వాణ్ణి అసహ్యించుకోవడం నాకు అలవాటే, అందులో కష్టమేమీ లేదు. కానీ నేను ఇప్పటికీ తప్పుపట్టేది వాణ్ణి కాదు. అక్క మాట మొయ్యడానికి నన్నొక్కణ్ణే మిగిల్చి వెళ్ళిపోయిన మాస్టారిని.