పేర్లు పంచిపెట్టిన సెనేటరు

సెనేటరు లోవెల్ హౌగెన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. తాను చేసిన మంచిపని ఏదీ తనదని ఒప్పుకోడు. దొంగసొత్తు వదిలించుకున్నట్టు, దాన్ని ఇంకెవరి చేతిలోనో పెట్టేదాకా ఆయన మనసు కుదుటపడదు.

సొంత రాష్ట్రం మిన్నెసోటాలో ఆయన చలవ వల్ల నది మీద ఓ వంతెన లేచింది. రిబ్బను కత్తిరించింది మరొకాయన. ఆ ఫోటోలో హౌగెన్ ఎక్కడున్నాడయ్యా అంటే, ఓ చివర, నలుగురు పెద్దమనుషుల చలికోట్లు చేతుల మీద వేసుకుని సంతోషంగా నవ్వుతున్నాడు. ఇంట్లోనూ ఇదే వరస. ఆయన స్వయంగా వండిన కూర బాగుందని చుట్టాలు మెచ్చుకుంటే, "పొయ్యి మంచిదండీ" అంటాడు.

ఓసారి విందులో ఎవరో, పెళ్ళిమాట ముందు ఎవరు ఎత్తారని అడిగారు.

"ప్రతిపాదన మార్లిస్‌ది. నేను బలపరిచానంతే" అన్నాడు హౌగెన్.

"ఎంత అబద్ధం!" అంది ఆయన భార్య మార్లిస్. "గడ్డకట్టిన చెరువు మీద మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది నువ్వు కాదూ? కాళ్ళు కొయ్యబారిపోయి లేవలేకపోతే నేనే లాగి నిలబెట్టాను."

"చూశారా! నిలబెట్టింది ఆవిడే" అన్నాడాయన అతిథుల వైపు తిరిగి.

నవ్వులాటకి ఏమన్నా అనొచ్చు గానీ, సెనేట్‌లో ఈ జబ్బే ఆయనకి సింహాసనం వేసింది. అక్కడ ఓ చట్టం గట్టెక్కాలంటే పదిమంది దాన్ని తమ బిడ్డ అనుకోవాలి. తండ్రి పేరు కోసం కొట్టుకుంటే బిడ్డ ఉయ్యాలలోనే పోతుంది. హౌగెన్ పేరు అడగడు కాబట్టి అందరూ ఆయన మాట విన్నారు, ఏళ్ళ తరబడి తమ నాయకుడిగా ఎన్నుకున్నారు. అలా ఎన్నుకుని ఊరుకోకుండా, "మీరు దేశాధ్యక్షుడు కావాలి" అని ఊదరగొట్టి ఎన్నికల్లోకి దింపారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిపించిన విద్య రచ్చలో పనికిరాకపోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. సభని నడిపించినవాళ్ళు చాలామంది అధ్యక్షుడుండే ఆ తెల్లభవనం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చారంటే కారణం తెలివి తక్కువై కాదు. సభలో అడిగేది "అందరం కలిసి ఏం చేద్దాం?" అని. ఓటరు అడిగేది "నువ్వేం చేశావ్?" అని.

ఆ ప్రశ్నకి జవాబు నేర్పే పని కొరిన్ పెట్రాకిస్ నెత్తిన పడింది. ఆమె సెనేట్‌లో ఆయన దగ్గర చాలాకాలం పనిచేసింది, ఇప్పుడు ప్రచారం నడుపుతోంది. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే తొలి పోరు న్యూ హాంప్‌షైర్‌లో. ఇక్కడ ఓడితే ఇంక ఇంటికే. ఆ చలికాలమంతా, మంచులో కారు జారుతున్నా పాఠం మాత్రం ఆగలేదు.

"సార్, చెప్పండి. మాజీ సైనికుల ఆస్పత్రి నేను తెచ్చాను."

"ఆస్పత్రి వచ్చింది."

"ఎలా వచ్చింది? నడుచుకుంటూ వచ్చిందా?"

"సెనేటర్ డ్యూఫ్రేన్ దానికోసం చాలా నడిచాడమ్మా, పాపం మోకాళ్ళ నొప్పులతో."

కొరిన్ తల పట్టుకుంది. "సార్, మీ డప్పు మీరు కొట్టుకోకపోతే ఎవరు కొడతారు?"

"డప్పు మోత నాకు పడదమ్మా" అన్నాడాయన అమాయకంగా.

ఇలా ఉండగా ఉత్తరాన, కాగితం మిల్లు మూతపడ్డ ఓ చిన్న ఊళ్ళో ఫలహారశాలకి వెళ్ళారు. ఆర్మాండ్ థిబోడో అనే పెద్దాయన అట్ల మీద మేపుల్ పాకం పోసుకుంటున్నాడు. జీవితమంతా మిల్లులోనే పనిచేశాడు.

"మిమ్మల్ని చూడ్డం ఇది రెండోసారి" అన్నాడు థిబోడో. "మూడోసారి చూస్తేగానీ మా ఊళ్ళో ఎవరికీ ఓటెయ్యం. సరే, మీకే ఎందుకెయ్యాలి?"

"తొందరేం లేదు, బాగా ఆలోచించుకోండి. గవర్నరు టిల్లరీ కూడా సమర్థుడే" అన్నాడు హౌగెన్.

టిల్లరీ అంటే పార్టీలో ఆయనకి అసలు పోటీదారు. ఎత్తు మనిషి, గట్టి గొంతు. కొరిన్ బల్ల కింద సెనేటరు కాలు తొక్కింది. ఆయన తప్పు తనదేనన్నట్టు "క్షమించమ్మా" అని కాలు వెనక్కి తీసుకున్నాడు.

థిబోడో నవ్వలేదు. "నాకు కావలసింది ఒక్కటే బాబూ. మిల్లు మూసేశాక మా పెన్షను నిలబడింది అప్పట్లో సర్కారు చేసిన ఓ చట్టం వల్ల. ఇప్పుడు దాన్ని కోస్తారంటున్నారు. గవర్నరుగారి పక్కనుండే లెక్కల మేధావులు టీవీలో చెప్పారు. మా ఆవిడ గుండెకి మందులు దానితోనే."

హౌగెన్ పెద్దాయన చెయ్యి గట్టిగా పట్టుకుని లేచాడు.

కారెక్కగానే కొరిన్ కోపంతో ఊగిపోయింది. ఎందుకంటే ఆ చట్టం అక్షరం అక్షరం రాసింది హౌగెన్. అది తయారైన గదిలో ఆమే ఉంది. టిల్లరీ అప్పుడు దిగువ సభకి కొత్తగా వచ్చిన కుర్రసభ్యుడు. అతని స్నేహితుల ఓట్లు కావలసివచ్చి, హౌగెన్ ఆ చట్టానికి అతని పేరు పెట్టించాడు. ఆ పేరుతోనే టిల్లరీ గవర్నరయ్యాడు.

"రేపు టిల్లరీతో జరిగే చర్చలో ఈ ఒక్కమాట బయటపెట్టండి సార్. ఎన్నిక మనదే. ఇంకేం అడగను."

"రేపు పెన్షను సంగతి ఎత్తుతాను. మాటిస్తున్నాను" అన్నాడు హౌగెన్. కొరిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, కాలేజీ హాలు. టీవీ ముందు దేశమంతా కూర్చుంది. టిల్లరీ వేలు చూపించి అడగనే అడిగాడు. "మిల్లు పనివాళ్ళ పెన్షను కాపాడింది నేను. సెనేటరుగారూ, ముప్ఫై ఏళ్ళుగా సభలో కూర్చున్నారు. మీరేం చేశారు?"

తెర వెనక కొరిన్ పిడికిళ్ళు బిగించి, "కొట్టండి సార్, కొట్టండి" అని గొణిగింది.

"నిజమే, ఆ చట్టం గవర్నరుగారిదే" అన్నాడు హౌగెన్. కొరిన్ పక్కనున్న కుర్చీలో కూలబడింది. హౌగెన్ ఇంకా ఆపలేదు. "అంత మంచిపని చేసినాయన్ని ఒక్కమాట అడుగుతాను. మీరు అధ్యక్షుడైతే, మీ సలహాదారులు ఎంత చెప్పినా, అందులో ఒక్క డాలరు కూడా కొయ్యనివ్వరు కదా?"

హాలు హాలంతా టిల్లరీ వైపు తిరిగింది. అతని చూపు ఓ క్షణం తన సలహాదారుల వైపు పోయింది. కానీ కన్నబిడ్డని కాపాడతావా అని పదిమందిలో అడిగితే ఏ తండ్రి కాదంటాడు? ఛాతీ విరుచుకున్నాడు.

"నేను బతికుండగా దాన్ని ఎవరూ ముట్టుకోలేరు!"

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే ముందు కొట్టింది హౌగెనే.

బయటికొచ్చాక కొరిన్ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అంది. "గెలుపు తీసుకెళ్ళి వాడి ఒళ్ళో పోశారు సార్. మాటిచ్చారుగా!"

"ఎత్తానుగా అమ్మా. నువ్వు చెప్పినట్టు కొట్టి ఉంటే ఏమయ్యేది? చట్టం నాది అయ్యేది. రేపు అతనే గెలిస్తే, నామీద కోపంతో దాన్ని కోసి పారేసేవాడు. నేను గెలుస్తానన్న నమ్మకం నాకు లేదు, ఆ పెద్దాయన భార్య గుండె నా గెలుపు కోసం ఆగదు. ఇప్పుడు చూడు, ఎవరు గెలిచినా దానికి కాపలావాడున్నాడు."

వంతెనకీ, ఆస్పత్రికీ, ఇన్నేళ్ళలో ఆయన పంచిపెట్టిన ప్రతి పేరుకీ ఒక్కో కాపలావాడు నిలబడి ఉన్నట్టు కొరిన్‌కి అప్పుడు తట్టింది. ఇది బిడియం అనుకుంది ఇన్నాళ్ళూ. ఈ మనిషి మీద ఆమెకి కోపమూ ప్రేమా ఒకేసారి పొంగుకొచ్చాయి.

ఓడిపోయారు. స్వల్పంగా కూడా కాదు, చిత్తుగా. ఫలితాలొచ్చాక అభిమానులంతా ముఖాలు వేలాడేసుకుని నిలబడితే, హౌగెన్ మైకు ముందుకొచ్చాడు.

"ఈ ఓటమి నాది. పూర్తిగా నాదే. ఇందులో ఎవరికీ వాటా లేదు" అన్నాడు.

చలికాలమంతా "నాది" అనే మాట కోసం పాటుపడ్డ కొరిన్ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

జనం పలచబడుతుంటే ఆర్మాండ్ థిబోడో టోపీ చేతిలో నలుపుతూ దగ్గరికొచ్చాడు.

"మీ ముందు దాచడమెందుకు బాబూ. మీరు చాలా మంచోరు. కానీ నేనూ, మా వీధంతా గవర్నరుకే వేశాం. పెన్షను తెచ్చింది ఆయనేనని మీరే చెప్పారు కదా. టీవీలో ఒట్టేసినంత పని కూడా చేశాడు."

కొరిన్ నోరు తెరిచింది. హౌగెన్ ఆమె భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"మంచిపని చేశారు" అన్నాడు థిబోడోతో. "కాకపోతే ఓ చిన్న సాయం చెయ్యాలి. ఆయన తెల్లభవనంలోకి వెళితే, ఆ మాట అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉండండి."

"గుర్తుచెయ్యడమా!" పెద్దాయన ముఖం విప్పారింది. "మా ఆవిడ సంగతి మీకు తెలీదు. ఆవిడ పట్టుకుంటే దేవుడైనా మాట తప్పలేడు."

"అయితే ఇంక నాకేం దిగులు లేదు" అన్నాడు హౌగెన్. "మీ పెన్షను కాపాడేది ఆవిడేనని అందరికీ చెబుతాను."