తాత ఎడ్లకు నేర్పిన హోల్డాన్

మా తాత ముత్యాలు బడి మొహమే చూడలేదు. నేను ఏడో తరగతి దాకా చూశాను, అంతే. అయినా మా ఇంట్లో ఇంగ్లీషు నేర్పింది ఆయనే, అదీ ఎడ్లకు.

ములకలపల్లి బస్సెక్కిన ప్రతిసారీ తాతకు ఒకటే ఆశ్చర్యం. కండక్టర్ దేవ్‌సింగ్ వెనక నుంచి "హోల్డాన్!" అంటే అంత బస్సూ ఆగుతుంది, "రైట్!" అంటే కదులుతుంది. "అంత ఇనుము ఇంటున్నది, నా ఎడ్లు ఇనవా?" అని వేసవంతా వాటికదే పాఠం. అవి నేర్చాయి. అన్నం వడ్డించే నానమ్మతో కూడా తాత "హోల్డాన్!" అనేవాడు.

"నేనేమన్న బస్సునా?" అని ఆమె గరిటె ఎత్తేది.

నేను సారునడిగి వచ్చాను. "తాతా, హోల్డంటే పట్టుకునుడంట. హోల్డానంటే జరసేపు ఆగుమనుడంట."

"పట్టుకుంటెనే గద ఆగేది! గీ ముక్కకు సారెందుకే పిల్లా?"

దేవ్‌సింగ్ కూడా వదిలేవాడు కాదు. "ముత్యాలన్నా, నా మాట వాడుతున్నవ్, కిరాయియ్యాలె!" అని బస్సులోంచి అరిచేవాడు.

2006 వానల్లో మక్క చేను కాపలా కాస్తూ, అడవిపందులను అదిలించీ అదిలించీ తాత గొంతు పోయింది. కంకుల బండి మీద నన్ను కూర్చోబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. దారిలో వాగు రోడ్డెక్కి పారుతోంది. బస్సు కూడా ఇవతలే ఆగి ఉంది. వెనక జారిన బస్తా కోసం తాత దిగాడో లేదో, దగ్గర్లో పిడుగు పడింది. ఎడ్లు బెదిరి నేరుగా వాగు మీదికి పరుగెత్తాయి. నేను అరిచాను. నా గొంతును అవి ఏనాడూ లెక్కచేయలేదు. తాత నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

"హోల్డాన్!"

బస్సు తలుపు దగ్గర దేవ్‌సింగ్. ఎడ్లు ముందుకాళ్లు నీళ్లలో పెట్టి ఆగిపోయాయి.

తాత పరుగెత్తుకొచ్చి నన్ను కిందికి లాక్కున్నాడు. ఆ తర్వాత దేవ్‌సింగ్‌కు రెండు చేతులూ జోడించాడు.

"నాకెందుకే అన్నా దండం? అరుసుడు నా డ్యూటీనే. ఆగింది నీ ఎడ్లు."

మర్నాడు తాత బండి కట్టి, నన్నెక్కించుకుని బస్సు దగ్గరికెళ్లి గంపెడు లేత కంకులు ఎక్కించాడు. ఇంకా గొంతు రాలేదు కాబట్టి మాట నేనే చెప్పాను. "మామా, గిది నీ కిరాయంట."

దేవ్‌సింగ్ నవ్వుతూ "రైట్!" అన్నాడు. బస్సు కదిలింది. మా ఎడ్లూ కదిలాయి. తాత చేతులూపుతూ వెంటపడ్డాడు.

బండి మీది నుంచి నేను గట్టిగా "హోల్డాన్!" అన్నాను. మొదటిసారి అవి నా మాట విన్నాయి.